కారు అద్దాలకు ఫిల్మ్: నేను వేసింది, వేయించుకున్నది

మొట్టమొదట కోసిన ముక్కే తిరగబడింది. ఎడమవైపు వెనక తలుపు అద్దానికి కొలత పెట్టుకుని, గంటసేపు చెమటలు కక్కుతూ కోసిన ఫిల్మ్‌ని లోపలికి తీసుకెళ్ళి ఆనించి చూస్తే, ఏటవాలుగా ఉండాల్సిన అంచు ముందుకీ, నిటారుగా ఉండాల్సిన అంచు వెనక్కీ వచ్చాయి. అటు తిప్పాను, ఇటు తిప్పాను. ఎలా పెట్టినా కుదరదు. అప్పుడు అర్థమైంది చేసిన పొరపాటు ఏమిటో.

ఫిల్మ్ అంటించేది అద్దం లోపలివైపు. కానీ కొలత తీసి కోసేది బయటివైపు, ఎందుకంటే లోపల చెయ్యి ఆడదు. అలా బయట పరిచినప్పుడు లైనర్, అంటే జిగురు మీద కప్పి ఉండే పలచటి పొర, మనవైపు ఉండాలి. నేను దాన్ని అద్దంవైపు పెట్టాను. దాంతో ముక్క కుడిఎడమలు మారిపోయింది. రెండు పొరల్లో లైనర్ ఏదో కంటికి తెలియదు కూడా. మూలన చెరోవైపు ఒక్కో టేపు ముక్క అంటించి లాగితే, రెండు పొరలూ విడిపోతాయి, వాటిలో రంగు లేనిదే లైనర్. ఈ చిట్కా నాకు రెండో ముక్కకి తెలిసింది.

నేను తల పట్టుకుని కూర్చుంటే, పక్కన స్ప్రే బాటిల్ పట్టుకుని నిలబడ్డ మా తమ్ముడు ఆ ముక్కను తీసుకుని కారు చుట్టూ తిరిగి అటుపక్కకి వెళ్ళాడు. "అన్నయ్యా, ఇది కుడి తలుపుకి అచ్చంగా సరిపోయింది చూడు" అన్నాడు. నిజమే. ఎడమ అద్దం తిరగబడితే కుడి అద్దమేగా! ఆ రోజు మొత్తం మీద మాకు అప్పనంగా దొరికిన అదృష్టం అదొక్కటే.

అసలు ఈ పనికి ఎందుకు దిగానంటే, ఎండ. మధ్యాహ్నం బండి తీస్తే వెనక సీట్లో పాప కళ్ళు తెరవలేకపోయేది. ఒకచోట అడిగితే చెప్పిన రేటు, నేను కొనుక్కోగల రోల్ ఖరీదుకి ఆరు రెట్లు ఉంది. పలచటి ప్లాస్టిక్ పొర, సబ్బునీళ్ళు, రబ్బరు పలక, ఇంతేగా, ఈమాత్రం దానికి ఇంత డబ్బా అనిపించింది. ఫోన్‌కి స్క్రీన్ గార్డ్ నేనే వేసుకుంటాను, ఇదీ అలాంటిదేగా అనుకున్నాను. స్క్రీన్ గార్డ్ కూడా ఎప్పుడూ ఓ మూల బుడగతోనే ఉంటుందన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

ముందు రూల్ చూసుకున్నాను, అదొక్కటి మాత్రం తెలివైన పని చేశాను. అద్దం గుండా నూటికి ఎంత వెలుతురు లోపలికి వస్తుందో చెప్పే అంకెను వీఎల్‌టీ అంటారు. 35 అంటే వందలో 35 వంతులు వస్తుంది. 5 అంటే లోపల మనిషి ఉన్నాడో లేడో తెలియదు. ఎంతవరకు వేసుకోవచ్చన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, ముందు అద్దానికి ఒకటి, పక్క అద్దాలకి ఒకటి ఉంటుంది, అసలు ఫిల్మే కూడదనే చోట్లూ ఉన్నాయి. అది తెలుసుకోకుండా రోల్ కొంటే, వేసిన చేత్తోనే పీకాల్సి వస్తుంది.

ఇంకో మెలిక ఉంది. కంపెనీ నుంచి వచ్చిన అద్దం మనకు తెల్లగా కనిపిస్తుంది గానీ, అదీ కొంత వెలుతురు ఆపుతుంది. అద్దం 77 శాతం వదిలితే, దాని మీద 35 ఫిల్మ్ వేస్తే చివరికి లోపలికి వచ్చేది 35 కాదు, 27. రెండూ గుణించుకోవాలి. మీటరు పెట్టి చూసేవాళ్ళు అద్దాన్నీ ఫిల్మ్‌నీ కలిపే కొలుస్తారు. రోల్ మీద ఉన్న అంకె చూపించి వాదిస్తే పని జరగదు. నేను ఈ లెక్క వేసుకున్నాకే, మొదట అనుకున్న 35 మానేసి 50 తెచ్చాను.

ఫిల్మ్ ఎంపికలో మాత్రం పప్పులో కాలేశాను. నల్లగా ఉంటే చల్లగా ఉంటుందనుకున్నాను, చాలామంది అనుకునేదీ అదే. ఎండలోని శక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలది. చవకలో దొరికే రంగు ఫిల్మ్ వెలుతురుని తగ్గిస్తుంది గానీ ఆ వేడిని పెద్దగా ఆపదు. పైగా కొన్నేళ్ళకి రంగు మారి వంకాయ రంగులోకి తిరుగుతుంది. పాత బండ్లకి ఊదా అద్దాలు చూస్తుంటామే, అదే. లోహం పూత ఉన్నది వేడిని బాగానే తిప్పికొడుతుంది గానీ ఫోన్, జీపీఎస్ సిగ్నళ్ళకి అడ్డం పడవచ్చు. సిరామిక్ ఫిల్మ్ పలచగా కనిపిస్తూనే నల్లటి రంగు ఫిల్మ్ కన్నా ఎక్కువ వేడి ఆపగలదు. దానికి తగ్గట్టే దాని ఖరీదూనూ. చేయి తిరగని పని కదా, పాడైతే ఏడవకూడదని నేను రంగు ఫిల్మే కొన్నాను. ఒకటిన్నర మీటరు వెడల్పు, మూడు మీటర్ల పొడవు. ఆ మూడు మీటర్ల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

తలుపులున్న షెడ్డులో బండి పెట్టాం. ఫ్యాను ఆపేశాం. దుమ్ము లేవకుండా నేల మీద నీళ్ళు చల్లాం. లీటరు నీళ్ళలో నాలుగైదు చుక్కలు పిల్లల షాంపూ వేసి కలిపాం. ఆ జారుడు లేకపోతే జిగురు తగిలిన చోటే పట్టుకుంటుంది, సర్దుకునే వీలుండదు. షాంపూ మరీ ఎక్కువైతే జిగురు పట్టుకోవడానికే మొరాయిస్తుంది.

అద్దం శుభ్రం చేయడమంటే గుడ్డతో తుడవడం అనుకున్నాను. కొత్త బ్లేడుని అద్దానికి బాగా వంచి పట్టుకుని తడి మీద గీకితే, శుభ్రంగా ఉందనుకున్న అద్దం మీంచి గోధుమరంగు మడ్డి వచ్చింది. వేళ్ళకి కనిపించని గరుకు కూడా బ్లేడు కింద కరకరమని తెలుస్తుంది. అద్దాన్ని కొంచెం కిందికి దించితే పై అంచున, రబ్బరు లోపల దాక్కునే భాగంలో, నల్లటి చారలా పేరుకున్న దుమ్ము కనిపించింది. సగం కష్టం అక్కడే ఉంది. నీళ్ళు చల్లగానే ఆ దుమ్మంతా కిందికి జారి సరిగ్గా ఫిల్మ్ వేయబోయే చోటికి వస్తుంది. రబ్బరు బీడింగ్‌లో ఉండే మెత్తటి నూగు సంగతి ఇంకా దారుణం.

అంటించే పద్ధతి ఇదీ. అద్దం ఓ అంగుళం దించుకోవాలి. లోపలి అద్దాన్ని బాగా తడపాలి. లైనర్ పైసగం ఒలిచి, బయటపడ్డ జిగురు మీద కూడా నీళ్ళు కొట్టాలి. పై అంచు కంటే ఓ రెండు మిల్లీమీటర్లు కిందికి ఉండేలా ఆనించి, నడిమి నుంచి పక్కలకి స్క్వీజీతో, అంటే ఆ రబ్బరు పలకతో, నీళ్ళు తోయాలి. పైభాగం కుదిరాక అద్దం ఎత్తేసి, మిగతా లైనర్ ఒలిచి, కింది అంచుని రబ్బరు లోపలికి దోపాలి. రాస్తుంటే మూడు నిమిషాల పనిలా ఉంది. మొదటి తలుపుకి రెండున్నర గంటలు పట్టింది.

లైనర్ ఒలిచే క్షణమే గండం. ఒలిచేటప్పుడు పుట్టే స్థిరవిద్యుత్తు చుట్టుపక్కల ఉన్న ప్రతి నలకనీ లాక్కుంటుంది. మా తమ్ముడు ఒక చివర పట్టుకుంటే నేను ఒలుస్తున్నాను, వాడి టీషర్టు మీంచి ఒక పోగు గాల్లో తేలుతూ వస్తోంది. ఇద్దరం చూస్తూనే ఉన్నాం. చేతులు రెండూ ఖాళీ లేవు. ఊదితే ఫిల్మ్ ముడుచుకుంటుందని భయం. అది తాపీగా వచ్చి సరిగ్గా నడిమధ్యన వాలింది. నీళ్ళు కొట్టినా కదల్లేదు. అలాగే అంటించేశాం.

మిగతా తలుపులకి చెయ్యి కాస్త కుదిరింది. చివరిది ముప్పావు గంటలో అయిపోయింది. దాన్ని చూసి కొంచెం గర్వపడ్డానని ఒప్పుకోవాలి. మొత్తానికి నాలుగు తలుపులకి ఆరు ముక్కలు ఖర్చయ్యాయి, ఒకటి మడత పడి, ఒకటి మూల చిరిగి పోయాయి.

మర్నాడు అద్దాలన్నీ మసకగా, పొగ పట్టినట్టున్నాయి. ఖంగారు పడ్డాను గానీ అది మామూలే. జిగురు కింద మిగిలిన నీటి మసక అది, వాతావరణాన్ని బట్టి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో ఆరిపోతుంది. చిన్న నీటి బుడగలూ అంతే. నడుమ నల్లటి చుక్కతో ఉన్న బుడగ మాత్రం ఎప్పటికీ పోదు, దాని కింద నలక ఉన్నట్టు. పొద్దున్నే టార్చి పట్టుకుని లెక్కపెట్టాను. ఎడమ వెనక తలుపులోనే పదకొండు.

ఇక రెండో రోజు సాయంత్రం, బండి పక్కకి పెడుతూ మా తమ్ముడు అలవాటుగా ముందు తలుపు అద్దం దించాడు. జిగురు ఇంకా పట్టలేదు కదా, అద్దం దిగింది గానీ ఫిల్మ్ పై అంచు రబ్బరుకి తగిలి గోధుమపిండి రొట్టె మడతలా చుట్టుకుపోయింది. వాడి తప్పేం లేదు. అయిదారు రోజులు దించకూడదని నాకు తెలుసు, వాడికి చెప్పలేదు. మళ్ళీ తడిపి సర్దాను గానీ ఆ మూల తెల్లటి గీతలా మడత మిగిలింది.

ఇప్పుడు వెనక అద్దం.

పక్క అద్దాలు కొంచెం వంపుతో ఉంటాయి, ఒకవైపే. వెనక అద్దం అటూ ఇటూ రెండువైపులా వంగి ఉంటుంది. బంతికి కాగితం చుట్టి చూడండి, అంచుల దగ్గర కుచ్చిళ్ళు వస్తాయి. ఫిల్మ్‌కీ అంతే, పైనా కిందా వేళ్ళలాంటి ముడతలు లేస్తాయి. వాటిని వేడితో కుదించి, అద్దం ఆకారానికి తేవాలి. అందుకు ఒక షరతుంది. ఫిల్మ్ రోల్ చుట్టిన దిశలోనే బాగా కుదించుకుంటుంది, అడ్డంగా అంతగా కుదించుకోదు. అంటే రోల్ పొడవు అద్దానికి ఎడమ నుంచి కుడికి వచ్చేలా పరుచుకోవాలి. అప్పుడే పైనా కిందా లేచిన ముడతలు వేడికి దగ్గరకి వస్తాయి.

నా దగ్గర మిగిలింది ముప్పావు మీటరు పొడవు. అద్దం అడ్డం కొలత మీటరు పైనే. రోల్‌ని తిప్పి, దాని వెడల్పుని అద్దానికి అడ్డంగా పెడితే సరిపోయింది. కుదించుకునే దిశ గురించి చదివి కూడా, ఏమవుతుందిలే అని అలాగే పెట్టాను. ఇంట్లో ఉన్న హెయిర్ డ్రయ్యర్ తెచ్చాను. పావుగంట పట్టుకున్నా ముడత ఒక్కటీ లొంగలేదు. అప్పు తెచ్చిన హీట్ గన్ పెడితే, లొంగకపోగా ఒకచోట ఫిల్మ్ బుడిపెల్లా ఉబ్బి మాడింది. ఒకేచోట ఎక్కువసేపు పెడితే అద్దమే పగలవచ్చని చేతులు వణుకుతూనే ఉన్నాయి.

అప్పుడు చేయాల్సిన పని, ఆ ముక్క పారేసి కొత్త రోల్ తెచ్చుకోవడం. చీకటి పడింది, నడుము పట్టేసింది, రోల్ అయిపోయింది. ముడతలను స్క్వీజీతో అణిచి, లొంగనివాటిని బ్లేడుతో చీల్చి, ఒకదాని మీద ఒకటి పడేలా అంటించేశాను. వెనక్కి వెళ్ళి చూసి "దూరం నుంచి బాగానే ఉంది" అన్నాడు తమ్ముడు. వాడి గొంతులోనే తెలిసిపోయింది.

రెండు నెలలు ఆ అద్దంతో తిరిగాను. పగలు ఫర్వాలేదు. రాత్రి వెనక వచ్చే బండి హెడ్‌లైట్ ఆ ముడతల్లో పడి, అద్దంలో నాలుగైదు చారలుగా చీలి కనిపించేది. ఎంత దూరంలో ఉందో అంచనా దొరికేది కాదు. అంచుల్లో ఉండే నల్లచుక్కల పట్టీ మీద ఫిల్మ్ అసలు అంటలేదు, చుట్టూతా వెండిగీత కట్టినట్టు తెల్లగా కనపడేది. ఓ రాత్రి రివర్సులో వెనక నిలబడ్డ మనిషి కాస్తలో తప్పాడు. ఇంటికొచ్చి, ఇక చాలు, పనివాడి చేతే వేయించుకుందాం అనుకున్నాను.

మొదట వెళ్ళిన చోట షాపు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, లోపల ఒక బండికి ఫిల్మ్ వేస్తుంటే పక్కనే ఇంకో బండికి పాలిష్ కొడుతున్నారు. దుమ్ము గురించి నాకు అప్పటికి బాగా తెలుసు కాబట్టి, రేటు కూడా అడక్కుండా వచ్చేశాను. సొంతంగా చేసి చూసుకోవడం వల్ల వచ్చిన తెలివి అది. రెండోచోట షాపాయన నా వెనక అద్దాన్ని చూసి నవ్వలేదు. వేలితో ఒక ముడత తడిమి, "ఇంట్లో వేశారా?" అన్నాడు. అవునన్నాను. "వేయడం కంటే తీయడమే ఎక్కువ పనండీ, దానికి వేరే తీసుకుంటాం" అన్నాడు.

ఎందుకో చూస్తే తెలిసింది. వెనక అద్దంలో మంచు కరిగించే సన్నటి గీతలుంటాయి కదా, అవి లోపలివైపే, సరిగ్గా ఫిల్మ్ అంటుకున్న వైపే ఉంటాయి. అక్కడ బ్లేడు పెడితే గీత తెగుతుంది, ఒక్కచోట తెగినా ఆ గీత మొత్తం పని చేయదు. ఆయన ఆవిరి పట్టించి, ఒక మూల నుంచి అంగుళం అంగుళం లాగుతూ గంటన్నర కూర్చున్నాడు. ఫిల్మ్ వచ్చాక జిగురు మిగిలింది, దాన్ని నానబెట్టి మెత్తటి పీచుతో గీతల వెంబడే రుద్దాడు, గీతలకు అడ్డంగా ఒక్కసారి కూడా చెయ్యి పోనివ్వలేదు. పక్క సీటు మీద, మ్యూజిక్ సిస్టమ్ మీద, స్విచ్చుల మీద ముందే తువ్వాళ్ళు పరిచాడు. నేను తలుపులు చేసేటప్పుడు నీళ్ళు స్విచ్చుల్లోకే పోయాయి. పాడవకపోవడం నా అదృష్టం.

కొత్త ఫిల్మ్ పరిచే ముందు అద్దం బయటివైపు పొడి పౌడరు చల్లి చేత్తో పామాడు, ఫిల్మ్ అంటుకోకుండా జారడానికి. నడిమధ్యన అడ్డంగా, రెండు పక్కలా నిలువుగా తడి గీతలు గీసి అక్కడ మాత్రం అతుక్కునేలా చేశాడు. ముడతలన్నీ పైకీ కిందికీ సమానంగా పంచాడు. ఒక్కో ముడతకి హీట్ గన్ ఆపకుండా ఊపుతూ, రెండో చేత్తో దాని మీద గట్టి కార్డు లాగుతుంటే, వేడి అప్పడం ఆకారం మార్చుకున్నట్టు ఫిల్మ్ దానంతట అదే చదునైపోతోంది. పది పన్నెండు నిమిషాల్లో అద్దం మీద రెండో చర్మంలా కూర్చుంది. నేను రెండు గంటలు పోరాడింది దీనితోనే.

కానీ నాకు గుర్తుండిపోయింది అది కాదు. లోపల అంటించడం పూర్తయింది. నాకు చూడ్డానికి ఏ మచ్చా లేకుండా ఉంది. ఆయన చిన్న టార్చి పట్టుకుని చూస్తూ ఒక నలక కనిపెట్టి, మూల లేపి, దాన్ని తీశాడు. తిరిగి ఆనించేటప్పుడు వేలు పడి ఫిల్మ్ మీద గోరంత నొక్కు పడింది. నిజంగా గోరంతే. చూపిస్తే తప్ప నాకు కనిపించలేదు. "ఉండనీయండి, ఏం కాదు" అన్నాను. ఆయన మాట్లాడకుండా మొత్తం ఫిల్మ్ లాగేసి, ఉండ చుట్టి బుట్టలో పడేశాడు. మళ్ళీ రోల్ విప్పి, మళ్ళీ పౌడరు, మళ్ళీ హీట్ గన్.

నా గుండె ఝల్లుమంది. అంతసేపటి పని! నాకైతే ఆ ముక్క ప్రాణం, ఎందుకంటే నా రోల్ మూడు మీటర్లు. ఆయన వెనక గోడకి ఆనించిన రోల్ ముప్పై మీటర్లు. పోగు పడ్డ తలుపుని నేను అలాగే ఎందుకు ఉంచేశాను, మాడిన ముక్కను చీల్చి ఎందుకు అతికించాను అంటే, చేతకాక అన్నది కొంతే. రెండోసారి చేయడానికి నా దగ్గర ముక్క లేదు, ఓపికా లేదు. ఆయనకి రెండూ ఉన్నాయి. నేను చెల్లించిన దాంట్లో ఆ బుట్టలో పడ్డ ముక్క ఖరీదు కూడా ఉంది.

ఎవరైనా అడిగితే ఇప్పుడు ఒకటే చెబుతున్నాను. పక్క అద్దాలు చేసుకోవాలని ఉంటే చేసుకోండి, అవసరానికి రెట్టింపు ఫిల్మ్ కొనుక్కుని దిగండి. వెనక అద్దం జోలికి మాత్రం పోకండి. పనివాడి దగ్గరకి వెళ్తే రేటు కంటే ముందు, "నలక కనిపిస్తే తీసి మళ్ళీ వేస్తారా?" అని అడగండి. ఆ జవాబు చెప్పే తీరులోనే మనిషి తెలిసిపోతాడు.

పని అయ్యాక ఆయన నా తలుపులు కూడా ఒక్కొక్కటీ టార్చి వేసి చూశాడు. మడత పడిన ముందు తలుపుకి మాత్రం మార్పించుకున్నాను. చివర్లో నేను ముప్పావు గంటలో చేసిన ఎడమవైపు ముందు తలుపు దగ్గర ఆగి, "ఇది ఎవరు వేశారు?" అన్నాడు. నేనేనన్నాను. "ఫర్వాలేదండీ" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు, నాకు అది చాలు. ఎడమ వెనక తలుపులో ఆ పోగు ఇంకా అలాగే ఉంది, పాప దాన్ని పురుగు అంటుంది. తీయించడానికి ఒప్పుకోవడం లేదు.

బండి ఇచ్చేటప్పుడు మార్చిన తలుపు అద్దం స్విచ్చు మీద ఆయన టేపు అంటించాడు. వారం రోజులు తీయకండి, అమోనియా ఉన్న క్లీనర్లు అద్దానికి వాడకండి అని చెప్పాడు. ఇంటికి రాగానే తమ్ముడు బండి ఎక్కి, అలవాటుగా స్విచ్చు మీదికి చెయ్యి పోనిచ్చి, టేపు తగిలి ఆగాడు. నావైపు చూశాడు. ఈసారి ముందే చెప్పేశాను.